పద్నాలుగో ప్రశ్న

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఉన్న హుస్సేన్ దర్జీ దుకాణానికి డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ బాలకిషన్ సార్ తనే నడుచుకుంటూ వచ్చినప్పుడు, ప్యాంటు కొలతలకే వచ్చాడనుకున్నాడు హుస్సేన్. టేపు చేతిలోకి తీసుకున్నాడు కూడా. సార్ స్టూలు మీద కూర్చుని వేరే సంగతి ఎత్తాడు.

"హుస్సేన్ భాయ్, మా కాలేజీల ఎథిక్స్ కమిటీ అని ఒకటి పెట్టినం. మా లెక్చరర్లు, పిల్లలు జనం దగ్గరికి పోయి ఏదన్న అడిగి రాసుకునే ముందు, దాంతోని ఎవ్వలకన్న నష్టమైతదా అని ఈ కమిటీ చూడాలె. అండ్ల కాలేజీకి సంబంధం లేని మనిషి ఒక్కరుండాలని రూలు. నువ్వు పదేండ్లు దుబాయిల ఉండొచ్చినవు, పదిమందిని ఎరిగినోనివి. నువ్వైతే మంచిగుంటది."

"సార్, నేను తొమ్మిది గూడ పాస్ గాలే."

"గందుకే కావాలె. సదువుకున్నోళ్ళం నలుగురం ఉన్నం గద."

ఆ మాట హుస్సేన్‌కు ఎక్కడో లోపల తగిలి తియ్యగా నిలిచిపోయింది. తెర వెనక చీరలకు ఫాల్ కుడుతున్న భార్య జులేఖాబీ కూడా విన్నది. మొదటి మీటింగు రోజు అతని తెల్ల చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

మీటింగంటే పెద్ద పనేమీ లేదు. ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను కింద కుర్చీ, చాయ్, ఉప్పు బిస్కెట్లు. మొదటిసారి షుగరు వ్యాధి మీద సర్వే, రెండోసారి బీడీలు చుట్టే ఆడవాళ్ళ కంటిచూపు మీద సర్వే. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకున్నంతసేపూ హుస్సేన్ తల ఊపాడు. చివర్లో "ఏమంటరు హుస్సేన్ భాయ్?" అని అడిగితే "మంచిగనే ఉంది సార్" అన్నాడు. చూపించిన చోట సంతకం పెట్టాడు. దుకాణంలో కస్టమర్లతో "రేపు మధ్యాహ్నం ఉండ, కాలేజీల మీటింగుంది" అని చెప్పడం మాత్రం అతనికి బాగా అలవాటైంది.

మూడో మీటింగు శ్రీలత మేడం తెచ్చిన పని మీద జరిగింది. ఆమె సోషియాలజీ లెక్చరరు, సొంతూరు సిరిసిల్ల. మరమగ్గాల ఇంటి పిల్ల. దుబాయి, మస్కట్ లాంటి చోట్ల ప్రాణం తీసుకున్నవాళ్ళ కుటుంబాలనూ, సిరిసిల్లలో మగ్గాల దగ్గరే ప్రాణం తీసుకున్నవాళ్ళ కుటుంబాలనూ కలిసి అడిగి రాయాలని ఆమె పట్టుదల.

"సార్, ఉరి వేసుకున్నడంటే ఇన్సూరెన్స్ రాదు, పరిహారం రాదు. ఎంతమంది పోయిన్రో కాగితం మీద లేదు కాబట్టి ఎవ్వరూ పట్టించుకోరు. వలస కార్మికుల సంఘం వాళ్ళ దగ్గర ఒక జాబితా దొరికింది. పేరు, ఊరు, సచ్చిపోయిన కారణం అన్నీ ఉన్నయి. దాన్ని పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతం" అన్నది. మంచి మనిషి అనుకున్నాడు హుస్సేన్.

కాగితాలు పంచారు. ముందరి పేజీలన్నీ ఇంగ్లీషు. చివరి నాలుగు పేజీలు తెలుగు, ఇళ్ళకు పోయి అడిగే ప్రశ్నలు. హుస్సేన్ ఉర్దూ గడగడా చదువుతాడు, తెలుగు కూడబలుక్కుంటాడు. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక్కో ప్రశ్నా వేలు పెట్టి చదువుతూ పోయాడు. పద్నాలుగో ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

'మీ భర్త ఎలా చనిపోయారని మీకు తెలుసు?' అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, అడిగేవాళ్ళకు ఒక సూచన. జవాబు రాసుకున్నాక జాబితాలో ఉన్న కారణం చదివి వినిపించి, రెండూ ఒకటేనా కాదా రాయాలట.

హుస్సేన్ దాన్ని రెండుసార్లు చదివాడు. చేతిలో ఉన్న బిస్కెట్టును తిరిగి ప్లేటులో పెట్టేశాడు.

"మేడం, ఏ ఊర్లకు పోతరు?"

"రాయికల్, మేడిపల్లి, ఇటు వీర్నపల్లి దాక. సిరిసిల్ల టౌను నేనే చేస్త."

రాయికల్లో సాయవ్వ ఉంది. ఆమె మొగుడు ఎల్లన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. వరసగా కరువులొచ్చి చెట్లు ఎండిపోతే అప్పు చేసి దుబాయి వచ్చాడు. లేబర్ క్యాంపులో ఒకదాని మీద ఒకటి మంచాలు; హుస్సేన్‌ది కింద, అతనిది పైన. 2011లో ఎల్లన్న ఆ క్యాంపు బాత్రూంలో ఉరి వేసుకున్నాడు. నలభై రోజుల తర్వాత శవపెట్టెను వెంటపెట్టుకుని ఊరికి తెచ్చింది హుస్సేనే. గుమ్మం ముందు పన్నెండేళ్ళ కూతురిని పట్టుకుని నిలబడిన సాయవ్వ "ఏమైందన్నా?" అని అడిగితే, హుస్సేన్ "గుండె ఆగిపోయింది చెల్లె" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆ మాటే నిలిచి ఉంది. మరణ పత్రం అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంది. అందులో ఏముందో హుస్సేనన్న చెప్పాడు కాబట్టి సాయవ్వ దాన్ని ఎవరికీ చూపించకుండా ట్రంకు పెట్టెలో దాచుకుంది.

ఈ ప్రశ్న వద్దు అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఎందుకు వద్దు అని అడుగుతారు. ఆమెకు తెలియదని నీకెట్లా తెలుసు అని అడుగుతారు. చెప్పినవాడివి నువ్వేనా అని ఈ నలుగురు చదువుకున్నవాళ్ళూ తన ముఖం వైపు చూస్తారు.

"ఏమంటరు హుస్సేన్ భాయ్?" అన్నాడు ప్రిన్సిపాల్, గడియారం చూసుకుంటూ.

"మంచిగనే ఉంది సార్."

సంతకం పెట్టాడు. బయటికొచ్చాక చెప్పులు వేసుకుంటుంటే ఎడమది కుడికాలికి తొడుక్కున్నాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు గడిచాయి. ముందే పోయి సాయవ్వకు తనే చెప్పాలని రోజూ అనుకునేవాడు. సంత రోజు బస్సు కూడా ఎక్కాడు, పక్క స్టేజీలోనే దిగి వెనక్కి వచ్చేశాడు. ఆ జాబితాలో ఎల్లన్న పేరు ఉంటుందో ఉండదో. ఉన్నా ఆ ఇంటికి పోతారో పోరో. పోయినా సాయవ్వ బీడీల కార్ఖానా దగ్గర ఉంటుందేమో. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, బట్టలు కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. ఒక లాల్చీ చేయి పొట్టిగా కత్తిరించాడు.

పన్నెండో రోజు పొద్దున ఫోను మోగింది. సాయవ్వ కూతురు లీల.

"హుస్సేన్ చిచ్చా, మా అవ్వ నిన్ను రమ్మంటున్నది."

"ఏమైంది బిడ్డా?"

"రా. వస్తె తెలుస్తది." అంతే, పెట్టేసింది.

రాయికల్లో ఆ ఇల్లు హుస్సేన్‌కు కొత్త కాదు. పోయినప్పుడల్లా లీలకు ఒక గౌను గుడ్డో, తర్వాత తర్వాత ఒక చుడీదారు గుడ్డో తీసుకుపోయేవాడు. సాయవ్వ "మా హుస్సేనన్న అచ్చిండు" అని పక్కింటివాళ్ళకు వినబడేలా చెప్పి కుర్చీ వేసేది. ఆ రోజు కుర్చీ వేయలేదు. ఆమె అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. హుస్సేన్ నిలబడే ఉన్నాడు.

"మొన్న ఒక పిల్ల అచ్చింది. మనీషా అంట, మేడిపల్లి పిల్ల, మీ కాలేజీల సదువుతదట" అన్నది సాయవ్వ, ఆకు కత్తిరిస్తూనే. "మర్యాదగనే మాట్లాడింది. నీ మొగడు ఎట్ల సచ్చిపోయిండు పెద్దమ్మా అన్నది. గుండె ఆగింది బిడ్డా అన్న. రాసుకున్నది. రాసుకొని గా కాగితం దిక్కు సూసింది. సూసి, పెద్దమ్మా, ఇండ్ల ఉరి అని ఉంది, రెండు ఒక్కటేనా అని అడిగింది."

హుస్సేన్ అరుగు వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

"గా పిల్లకు గూడ అప్పుడే సమజైంది, నాకు తెల్వదని. పెన్ను కింద పడేసింది. నాకంటె ముందుగాల గదే ఏడ్సింది. దానికి నీళ్ళు నేనే ఇచ్చిన." అప్పుడు తల ఎత్తింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "అది అవద్దం రాసుకొచ్చిందా అన్నా? నువ్వు చెప్పు. నువ్వు అవద్దమంటె అవద్దమే అనుకుంట."

ఇప్పటికీ దారి ఉంది. కాగితం తప్పు అనవచ్చు. ఆ క్షణంలో కూడా ఆ ఆలోచన వచ్చినందుకు హుస్సేన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నిజమే చెల్లె" అన్నాడు.

సాయవ్వ చాట పక్కన పెట్టింది. తంబాకు ఒలికిపోయినా చూసుకోలేదు.

"మొఖం సూపియ్యలేదు గద నువ్వు నాకు! పెట్టె తెరువద్దని పెద్దాఫీసరు చెప్పిండంటివి. పెట్టెతోనే కాష్ఠం మీద పెట్టిస్తివి. ఏ ఆఫీసరు చెప్పిండు?"

"ఎవ్వలు చెప్పలే. మెడ సూస్తె నీకు తెలుస్తదని నేనే చెప్పిన."

లోపలి గడపలో నిలబడి ఉన్న లీల అప్పుడు బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. తండ్రి లాగే పొడుగు.

"చిచ్చా, ముప్పయారేండ్లకు బాపుకు గుండె ఆగిందంటె నాకు గూడ అదే అస్తదని మా అవ్వకు భయం. బడిల ఉరుకనియ్యలే. కబడ్డి ఆడనియ్యలే. పోయినేడాది కానిస్టేబులు సెలెక్షన్లకు రాత పరీక్ష పాసైన. గ్రౌండుల ఉరుకుతె సచ్చిపోతవని కాళ్ళు మొక్కి ఆపింది. జగిత్యాల, కరీంనగర్, ఎన్ని దవాఖాన్లకు తిప్పిందో. ప్రతి డాక్టరు ఏం లేదనే అన్నడు. ఆమె నమ్మలే. నిన్నే నమ్మింది."

హుస్సేన్ అరుగు అంచు పట్టుకుని కింద కూర్చున్నాడు. తను అబద్ధమాడింది వాళ్ళ మంచికే అని ఎనిమిదేళ్ళు చెప్పుకుంటూ వచ్చాడు. ఆ అబద్ధం ఈ ఇంట్లో ఇట్లా తిరుగుతోందని అతనికి ఒక్కసారీ తట్టలేదు. గుడ్డముక్కలు తెచ్చి ఇచ్చి, చాయ్ తాగి, గౌరవం తీసుకుని పోయేవాడు.

"ఎందుకు సచ్చిండు? అదన్న చెప్పు" అన్నది సాయవ్వ.

చెప్పాడు. కంపెనీ ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. పోలీసు స్టేషన్‌కు పోతే కంపెనీకే పొమ్మన్నారు. ఊరి నుంచి అప్పులవాళ్ళు ఫోన్లు. ఎల్లన్న తిండి తగ్గించాడు, తర్వాత మాట తగ్గించాడు. ఇంతవరకూ చెప్పి హుస్సేన్ ఆగాడు. సాయవ్వ ఎదురుచూస్తోంది. ఇక మిగిలింది ఇన్నేళ్ళలో అతను ఎవరికీ, జులేఖాబీకి కూడా చెప్పనిది.

"ఆ రోజు శుక్రవారం. నేను నమాజుకు తయారైతున్న. ఆయన ఫోన్ల బ్యాలెన్సు లేదు. హుస్సేనన్నా, నీ ఫోను ఇయ్యవా, ఇంటికి ఒక్కసారి మాట్లాడుత అన్నడు. నాకు ఆల్చమైతున్నది. వచ్చినంక మాట్లాడుదువు తీ, యాడికి పోతది ఫోను అన్న. సరే అన్నడు. నా టోపి కింద పడితె తీసి ఇచ్చిండు గూడ. నేను వచ్చేవరకు..."

పక్కింట్లో కుక్కరు కూత వేసింది. వేసి ఆగింది.

"శుక్రారం మధ్యాన్నం" అన్నది సాయవ్వ, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "నేను గప్పుడు కార్ఖాన కాడ ఉన్న. ఫోను నా కొంగుకే ఉండె." తర్వాత, "పో అన్నా, ఇగ పో" అన్నది.

అన్నా అన్నది. ఆ పిలుపే అతన్ని ఎక్కువ బాధ పెట్టింది.

కోరుట్ల చేరాక దుకాణంలో షట్టరు సగానికి దించి జులేఖాబీకి అంతా చెప్పాడు. ఆమె మిషను ఆపి వింది. ఓదార్చలేదు. తిట్టలేదు. ఉర్దూలో ఒక్కటే అడిగింది. "సంతకం పెట్టేటప్పుడు కూడా తెలుసా మీకు?" అతను తల ఊపాడు. ఆమె సూదికి దారం ఎక్కించబోయి, ఎక్కక, పక్కన పెట్టింది. "ఎనిమిదేళ్ళ కింద భయపడ్డారంటే అర్థం చేసుకుంటాను. ఈ నెలలో భయపడింది ఎవరికి?" అంది.

దానికి జవాబు అతనికి తెలుసు. బిస్కెట్ల ప్లేటు ముందు తన కుర్చీ పోతుందని భయపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి పోయాడు. శ్రీలత మేడం అప్పటికే ప్రిన్సిపాల్ గదిలో ఉంది. మనీషా మూడు రోజులుగా క్లాసుకు రావడం లేదని, ఫోను ఎత్తడం లేదని చెబుతోంది. హుస్సేన్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. ఎల్లన్న సంగతి, పెట్టె సంగతి, ఫోను సంగతి, పద్నాలుగో ప్రశ్న మీద తన వేలు ఆగిన సంగతి.

ప్రిన్సిపాల్ లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"హుస్సేన్ భాయ్, అయ్యిందేదో అయ్యింది. ఆమె కంప్లైంటు గిట్ల ఇయ్యలేదు గద? ఇగ దీన్ని పెద్దగ చెయ్యద్దు. కాలేజీ పేరు పోతది. ఆ ప్రశ్న మెల్లగ తీసేద్దాం, మినిట్స్ బుక్కుల రాసుడు ఎందుకు?"

"రాయాలె సార్" అన్నాడు హుస్సేన్. "నాకు తెల్సి గూడ సంతకం పెట్టిన్నని రాయాలె. నేను చెప్తుంట, మీరు రాయుండ్రి."

శ్రీలత మేడం రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

"తప్పు నాది గూడ సార్. సిరిసిల్లల మనిషి ఇంట్లనే, మగ్గం పక్కనే పోతడు. భార్యకు, పిల్లలకు, వాడకంత తెలుసు. నేను చూసిన చావులు అవే. ఆ లెక్కనే ప్రశ్న రాసిన. దుబాయి చావు ఎవరో ఒకరు మోసుకొచ్చి చెప్తె తెలిసే కబురని, వాళ్ళేం చెప్తె అదే ఇంట్ల ఉంటదని నాకు తోచనే లేదు." ఆమె హుస్సేన్ వైపు తిరిగింది. "మిమ్మల్ని కమిటీల పెట్టింది గిది చెప్పనీకే కదా హుస్సేన్ భాయ్."

ఆమె కోపంగా అనలేదు. అయినా హుస్సేన్ చూపు నేల మీదనే ఉండిపోయింది.

ప్రిన్సిపాల్ ఇంకా రెండు రోజులు నాన్చాడు. శ్రీలత మేడం తన పేరుతో ఉత్తరం రాసి ఇచ్చాక తప్పలేదు. సర్వే ఆపేశారు. అప్పటికే తొమ్మిది ఇళ్ళు అయిపోయాయి. కాగితాలు తీసి చూస్తే, ఇంట్లో చెప్పినదీ జాబితాలో ఉన్నదీ వేరువేరుగా ఉన్న ఇళ్ళు మూడు. మిగతా రెండు ఇళ్ళూ మేడిపల్లి దగ్గరివి. ఆ రెండింటికీ మేడం తనే పోయింది. ఒక ఇంట్లో ముసలాయన ఆమెను వాకిట్లోకి కూడా రానివ్వలేదు. మనీషాకు మేడం నచ్చజెప్పి తిరిగి క్లాసుకు తెచ్చింది కానీ, ఆ పిల్ల మళ్ళీ ఏ సర్వేకూ పోనని చెప్పేసింది. ఆ పిల్ల చేతికి ఆ ప్రశ్న ఇచ్చిన సంతకాల్లో తనదీ ఒకటని హుస్సేన్ ఆమెకు ఎదురుపడలేకపోయాడు. ఒకసారి కాలేజీ గేటు దగ్గర చూసి పక్కకు తప్పుకున్నాడు.

సాయవ్వ ఇంటికి మేడం, హుస్సేన్ కలిసి పోయారు. మేడం అరుగు మీద కూర్చుని, సాయవ్వ జవాబులున్న కాగితం సంచిలోంచి తీసి, "ఇది మీది పెద్దమ్మా. మీరు వద్దంటె ఇప్పుడే మీ చేతికి ఇచ్చేస్త. మా దగ్గర నకలు గూడ ఉంచం. మమ్మల్ని మాఫ్ చెయ్యుండ్రి" అన్నది.

సాయవ్వ దాన్ని తీసుకుని తలకిందులుగా పట్టుకుంది. లీల సరిచేసి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. సంతకం చోట ఉన్న తన వేలిముద్రను సాయవ్వ కాసేపు చూసింది.

"గీ ముద్ర పెట్టినప్పుడు ఇండ్ల ఏముందో నాకెవ్వలు చెప్పలే. గా పిల్ల పెట్టుమన్నది, పెట్టిన" అన్నది. "ఇప్పుడు విన్న. ఉంచుకోండ్రి. గని రాస్తె మొత్తం రాయుండ్రి. ఉరి పెట్టుకున్నడు అని ఒక్క ముక్క రాసి ఊకోవద్దు. ఏడు నెల్లు జీతం ఇయ్యలేదని రాయుండ్రి. పాస్‌పోర్టు గుంజుకున్నరని రాయుండ్రి. ఆఖరికి ఇంటికి మాట్లాడుతనంటె ఫోను ఇయ్యలేదని రాయుండ్రి."

"నా పేరు గూడ రాయుండ్రి మేడం" అన్నాడు హుస్సేన్. వచ్చినప్పటి నుంచీ అతను నోరు తెరవడం అదే మొదలు.

మేడం ఇబ్బందిగా కదిలింది. "రాయలేం హుస్సేన్ భాయ్. ఎవ్వరి పేరూ రాయం. తోటి కార్మికుడు అని మాత్రం రాస్తం. అది రూలు."

సాయవ్వ నవ్వింది. ఆ నవ్వు చూడలేక హుస్సేన్ లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. పేరు పోకుండా అతన్ని కాపాడటానికి కాలేజీ దగ్గర ఒక రూలు ఉంది. సాయవ్వను కాపాడటానికి ఉన్న రూలు, ఆ కమిటీలో కూర్చున్న తనే. లోపల లీల చాయ్ పెట్టింది. మేడంకు ఒక గ్లాసు, వాళ్ళ అవ్వకు ఒక గ్లాసు తెచ్చింది. వాకిట్లోకి రాలేదు.

కమిటీలోంచి తప్పుకుంటానని హుస్సేన్ ఉత్తరం రాయించాడు. జులేఖాబీ దాన్ని చింపేసింది. "పోయి కూర్చోండి. ఈసారి నోరు తెరవండి" అన్నది. అతను పోయాడు. ఇప్పుడు తెలుగులో లేని కాగితం మీద సంతకం పెట్టడు. ప్రతి ప్రశ్న పైకి చదవమంటాడు, ఇది నీ ఇంటికొచ్చి అడిగితే ఎట్లుంటది సార్ అంటాడు. మీటింగులు అరగంట నుంచి రెండు గంటలకు పెరిగాయి. ఒక లెక్చరరు, అతనికి వినబడేలాగే, దర్జీ దగ్గర పాఠాలు చెప్పించుకుంటున్నం అన్నాడు. హుస్సేన్ తర్వాతి ప్రశ్న చదవమన్నాడు. అక్కడ గౌరవం దొరికినా దొరకకపోయినా అతనికి ఒకటే అయిపోయింది.

వానాకాలం మొదట్లో రాయికల్ నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె, సాయవ్వ బిడ్డ రోజూ పొద్దున స్కూలు గ్రౌండులో ఉరుకుతోందని, వాళ్ళవ్వ గేటు దగ్గర నిలబడి చూస్తుంటుందని మాటల్లో చెప్పింది. మొదటి రోజు ఒక్క చుట్టు తిరిగేసరికి సాయవ్వ భయంతో కింద కూర్చుండిపోయిందట, ఇప్పుడు నిలబడుతోందట. హుస్సేన్ కొలత తీస్తున్న చేయి ఆగింది. ఆమె ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాడు. ఆమె జాకెట్టు మెడ ఎంత లోతు పెట్టాలో చెప్పింది.

ఎనిమిదేళ్ళలో సాయవ్వ ఇంట్లో ఏం జరిగినా కబురు మొదట అతనికే వచ్చేది. ఇది ఎవరో చెబితే తెలిసింది. అతను పెన్సిలు తీసి కొలత రాసుకున్నాడు.